రెక్కసూర వేట

చేపల పేర్లలో ఒక్క అక్షరం మారితే చేపే మారిపోతుంది. తెలుగు తీరంలో ‘సొర’ వేరు, ‘సూర’ వేరు. సొర అంటే వరుసలు వరుసలుగా పళ్ళుండే షార్కు చేప. సూర అంటే ట్యూనా. తమిళనాడులో ఉండే విద్యార్థులకు ఈ చిక్కు ఇంకొక రూపంలో తెలిసే ఉంటుంది. అక్కడ సురా అంటే సొరచేప, సూరై అంటే ట్యూనా. మలయాళంలో ట్యూనాను చూర అంటారు. మరాఠీలో కుప్పా అని, కర్ణాటక తీరంలో కేదరు అని పిలుస్తారు. పేరు ఏదైనా అది ఒకచోట నిలకడగా ఉండే చేప కాదు. అందుచేత ఒకే జాతి చేపకు ఇన్ని తీరాల్లో ఇన్ని పేర్లు వచ్చాయి.

సూరల్లో రకాలు పెక్కు ఉన్నాయి. పొట్టమీద నామాలు దిద్దినట్లు పొడవైన చారలుండేది నామాలసూర. వీపుమీద రెండవ రెక్క, దానికి సరిగా కింద పొట్టవైపు ఉండే రెక్క కొడవలిలాగా పొడవుగా సాగి పసుపుపచ్చగా మెరిసేది రెక్కసూర. సూర జాతుల్లో బజారులో మంచి ధర పలికే వాటిలో ఇదొకటి. ఈ రెక్కసూరను పెద్ద పెద్ద ఓడలవారు వలలు చుట్టి పడతారు. మైళ్ళ పొడవైన తాళ్ళకు వందలకొద్దీ గాలాలు కట్టీ పడతారు. చిన్న పడవలో నలుగురైదుగురు స్నేహితులు బయలుదేరి, చేతిలోని ఒక్క తాడుతో, ఒక్క గాలంతో కూడా పడతారు. ఈ చివరి పద్ధతికి ఆంధ్రదేశపు ఉత్తర కోస్తా పేరు పొందింది.

విశాఖపట్నానికి నైరుతి దిక్కున, అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలో పూడిమడక అనే మత్స్యకార గ్రామం ఉన్నది. చేతిగాలంతో సూరను వేటాడటంలో ఈ గ్రామస్థుల నేర్పును సముద్ర మత్స్య పరిశోధకులు సైతం గుర్తించారు. పూడిమడకే కాదు, ఆ తీరం పొడవునా ఉన్న అనేక పల్లెలవారు, విశాఖ రేవునుంచి బయలుదేరేవారు ఈ వేట చేస్తారు. ఒడిశాలో చదువుకొనే విద్యార్థులు ఈ మనుషులను వెదుక్కొంటూ దూరం పోనక్కరలేదు. పూరీలో జగన్నాథస్వామి ఆలయానికి వచ్చిన యాత్రికులు సముద్రపు ఒడ్డున కొంతదూరం నడిస్తే పెంటకోట అనే వాడ వస్తుంది. అక్కడ ఇసుకలో వలలు బాగు చేసుకొంటున్నవారి నోట వినబడేది తెలుగే. ఆంధ్ర తీరంనుంచి తరతరాల క్రితం వెళ్ళి స్థిరపడినవారు వారు. ఒడియావారు వారిని నోళియాలని పిలుస్తారు. గోపాలపురం మొదలైన చోట్ల కూడా ఇటువంటి వాడలున్నాయి. యానాం పిల్లలకు మాత్రం పులస తెలిసినంతగా సూర తెలియకపోవచ్చు. పులస గోదావరి వరదనీటికి ఎదురీది ఊరి దగ్గరకే వస్తుంది. సూర కోసం మనిషే బయలుదేరి పోవాలి.

పూర్వం అట్లా బయలుదేరడానికి ఉన్న సాధనం తెప్ప. తేలికపాటి దుంగలను దగ్గరగా పేర్చి, తాళ్ళతో బిగించి కట్టినదే తెప్ప. దానికి లోపల, బయట అనే తేడా లేదు. అల మీదనుంచి పోతే నీరు దుంగల సందుల్లోంచి జారిపోతుంది. కాబట్టి అది మునగదు. తమిళులు దీనినే కట్టుమరం అన్నారు. ఆ మాటే ఇంగ్లీషులోకి పోయి ‘కాటమరాన్’ అయింది. రేవులు లేని తీరంలో, ఒడ్డున విరిగే కెరటాలను దాటి పోవడానికి ఇంతకంటె మంచి ఉపాయం లేదు. అయితే దుంగల తెప్పమీద సరుకు దాచడానికి తావుండదు. చెక్క దొరకడం కూడా క్రమంగా కష్టమైంది. తరువాత ఫైబరు పడవలు వచ్చాయి. కొన్నిచోట్ల వీటిని ఇప్పటికీ తెప్పలనే పిలుస్తారు. వస్తువు మారినా పాత పేరు దానిని వదలలేదు. ఈ పడవ పొడవు సుమారు తొమ్మిది మీటర్లు. వెనుకవైపు పది గుర్రాల శక్తికి అటూ ఇటూగా ఉండే చిన్న ఇంజను ఉంటుంది. పైకప్పు ఉండదు. ఎండకు, వానకు మనిషికీ చేపకూ ఒకటే గతి.

పడవలో పెద్దను తండేలు అంటారు. అతడు తక్కినవారికంటె వయసులో పెద్దవాడు కానక్కరలేదు. నీటిని చదవగలవాడైతే చాలు. మిగిలినవారు అతని బంధువులో, చిన్ననాటినుంచి కలిసి తిరిగిన స్నేహితులో అయి ఉంటారు. ‘బావా’, ‘తమ్ముడూ’ అనే పిలుపులే అక్కడ హోదాలు. ఒకరికొకరు కొత్తవారైన నలుగురు ఇటువంటి పడవ ఎక్కరు. ఎందుకు ఎక్కరో చేప గాలానికి తగిలిన తరువాత తెలుస్తుంది.

వేటను అర్థం చేసుకోవాలంటే ముందుగా చేపను అర్థం చేసుకోవాలి. మామూలు చేప ఒకచోట నిలబడి నోరు మూస్తూ తెరుస్తూ మొప్పలమీదికి నీటిని పంపుకొంటుంది. తొట్టిలోని చేపను చూసినవారికి ఇది తెలుసు. సూర అట్లా చేయలేదు. అది నోరు కొద్దిగా తెరచి ముందుకు ఈదుతూ ఉంటేనే నీరు మొప్పలమీదుగా పారుతుంది, అందులోని ప్రాణవాయువు రక్తంలోకి చేరుతుంది. ఆగిపోతే దానికి ఊపిరాడదు. పుట్టినది మొదలు చచ్చేవరకు రాత్రీ పగలూ ఈదవలసిందే. దాని శరీరమంతా ఈ ఒక్క పనికోసమే తీర్చినట్లుంటుంది. ముందు, వెనుక సన్నబడిన కండె ఆకారం, నెలవంకవంటి తోక, తోకదాకా వరుసగా చిన్న చిన్న పిల్లరెక్కలు ఉంటాయి. వేగంగా పోయేటప్పుడు వీపుమీది మొదటి రెక్కను ఒక గాడిలోకి మడుచుకొంటుంది. మడతకత్తిని పిడిలోకి మడిచినట్లన్నమాట.

ఇంకొక విశేషం ఉన్నది. చేపలు చల్లని నెత్తురు ప్రాణులని పాఠాల్లో చదువుతాము. సూరకు ఈ నియమం పూర్తిగా వర్తించదు. కండరాలు పనిచేసినప్పుడు పుట్టే వేడి సాధారణంగా రక్తంతోపాటు మొప్పల దగ్గరకు పోయి నీటిలో కలిసిపోతుంది. సూరలో కండరాలనుంచి వెనక్కు వచ్చే వెచ్చని రక్తనాళాలు, మొప్పలనుంచి లోపలికి పోయే చల్లని రక్తనాళాలు పక్కపక్కనే అల్లుకొని ఉంటాయి. బయటికి పోవలసిన వేడి దారిలోనే చల్లని రక్తానికి అంది తిరిగి లోపలికే వస్తుంది. అందువల్ల దాని ఈతకండరాలు చుట్టూ ఉన్న నీటికంటె వెచ్చగా ఉంటాయి, అలసట తెలియకుండా పనిచేస్తాయి. మాంసం ఎర్రగా ఉండటానికి కారణం కూడా ప్రాణవాయువును పట్టి ఉంచే పదార్థం ఆ కండరాల్లో అధికంగా ఉండటమే. రెక్కసూర రెండు మీటర్లకు పైగా, సుమారు 200 కిలోల వరకు పెరగగలదు. చేతిగాలానికి పడేవాటిలో 20, 30 కిలోలవి తరచుగా ఉంటాయి. అంతకు రెట్టింపువి కూడా అప్పుడప్పుడు తగులుతాయి. ఈ వెచ్చని కండరం విషయం గుర్తు పెట్టుకోవాలి. చేప బతికి ఉన్నంతకాలం అది వరం. గాలానికి పడిన మరుక్షణంనుంచి మత్స్యకారుడికి అదే తలనొప్పి.

ఒడ్డునుంచి లోపలికి పోయేకొద్దీ సముద్రపు అడుగు మెల్లమెల్లగా వాలుతూ పోయి, ఒకచోట ఒక్కసారిగా లోతుగా పడిపోతుంది. ఈ అంచువరకు ఉన్న భాగాన్ని ఖండపు మెట్ట అంటారు. ఉత్తర ఒడిశా తీరంలో ఈ మెట్ట వెడల్పుగా ఉంటుంది. విశాఖ తీరంలో ఇరుకు. అందుకనే చిన్న ఇంజనుతో పోయేవారు కూడా ఒడ్డునుంచి 40, 50 కిలోమీటర్లు పోయేసరికి లోతు సముద్రాన్ని అందుకోగలుగుతారు. బంగాళాఖాతంలో ఇంకొక అనుకూలత కూడా ఉంది. పెద్ద నదులు తెచ్చిపోసే మంచినీరు పైపొరగా నిలుస్తుంది. కింది నీటితో అది సులభంగా కలవదు. లోతుకు పోయేకొద్దీ ప్రాణవాయువు త్వరగా తగ్గిపోతుంది. ఎడతెగకుండా ఈదే సూరకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి కాబట్టి అది చాలాభాగం పై పొరల్లోనే తిరుగుతుంది. మనిషి చేతితాడుకు అందే లోతు అది.

పడవలు సాధారణంగా తెల్లవారుజామున చీకటి ఉండగానే బయలుదేరుతాయి. మంచినీళ్ళ డబ్బాలు, అన్నం, ఇంధనం, ఐసు, గాలాలు, తాళ్ళు సర్దుకొంటారు. తీరం వెనక్కు పోయేకొద్దీ కొండలు గుర్తులుగా నిలుస్తాయి. అవి కూడా కనుమరుగైన తరువాత పూర్వం నక్షత్రాలే దిక్కు. నేడు జీపీఎస్ పెట్టె ఉంది. హైదరాబాదులో 1999లో ఏర్పాటైన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఉపగ్రహాల సాయంతో నీటి పైపొర వేడిమిని, నీటిలోని పచ్చదనాన్ని కొలిచి చేపలు చేరే తావులను అంచనా కట్టి తెలుపుతుంది. సూర విషయంలో ప్రత్యేకంగా సూచనలిస్తుంది. సముద్రం లేని ఊరినుంచి సముద్రం మీదివారికి దారి చెప్పడం వింతగానే ఉంటుంది. అయినా తండేలు తన కళ్ళను పక్కన పెట్టడు. నీటిమీద పక్షులు గుంపుగా వాలి లేస్తున్నాయంటే కింద చిన్న చేపలు పైకి తరుమబడుతున్నాయని అర్థం. రెండు ప్రవాహాలు కలిసేచోట నీటిమీద నురుగుతో ఒక గీత ఏర్పడుతుంది. దానివెంట చెత్త, నాచు తేలుతుంటాయి. ఒక దుంగ తేలుతూ పోతున్నా దాని నీడలో చిన్న చేపలు చేరతాయి. వాటికోసం పెద్దవి వస్తాయి.

గాలం వేయడంలో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది పడవ నడుస్తుండగా వెనుక తాడు వదలి గాలాన్ని లాగుకొంటూ పోవడం. గాలానికి రంగు పీలికలో, ప్లాస్టిక్ కుచ్చులో కడతారు. పరుగెత్తే చిన్న చేపను చూశాననుకొని సూర దానిని అందుకొంటుంది. రెండవది ఇంజను ఆపి, నిజమైన ఎర గుచ్చి తాడును లోతుకు దించడం. స్క్విడ్, ఎగిరే చేప, చిన్న సూరపిల్ల ఎరగా పనికివస్తాయి. లోతును బారల్లో కొలుస్తారు. రెండు చేతులు చాచినంత పొడవు ఒక బార. తాడు చేతులమీదుగా జారుతుంటే ఎన్ని బారలు దిగిందో చేతులే లెక్కపెడతాయి. ఒకరు ఒక్క తాడు పట్టుకొంటారు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కూర్చుంటారు. తాళ్ళు చిక్కుపడకుండా చూడటం తండేలు పని. ఆ తరువాత గంటల తరబడి ఏమీ జరగకపోవచ్చు. రోజంతా ఏమీ జరగకపోవచ్చు కూడా. ఇంధనం ఖర్చు మాత్రం తప్పదు.

చేప తగిలినప్పుడు మొదటి క్షణం తాడుదే. పెద్ద సూర గాలం తగలగానే లోతుకు దూకుతుంది. నైలాను తాడు అరచేతులను కోసుకొంటూ పరుగెడుతుంది. కాబట్టి వేళ్ళకు గుడ్డపీలికలో, రబ్బరు తొడుగులో ఉంటాయి. తాడు పట్టినవాడు దానిని ఆపడు. ఆపితే తాడు తెగుతుంది లేదా మనిషి పోతాడు. తక్కినవారు ఆ క్షణంలోనే తమ తాళ్ళు పైకి చుట్టేస్తారు. ఒకడు పడవలో పోగుపడి ఉన్న తాడు చుట్లను కాళ్ళకు దూరంగా సర్దుతాడు. ఇంకొకడు ఇంజను దగ్గరకు పోయి చేప పోయేవైపు పడవ ముక్కును తిప్పుతాడు. ‘వదులు’ అనే మాటకు ఈ తీరంలో ‘ఒగ్గు’ అంటారు. ‘ఒగ్గు, ఒగ్గు’ అని తండేలు అరుస్తుంటే వదలాలి. అతడు లాగమన్నప్పుడు లాగాలి. చేతులు మరచేతులుగా తాడు మారుతుంది. ఒకరు అలసిపోగానే అడగకుండానే ఇంకొకరు అందుకొంటారు. ఈ మార్పిడిలో ఒక్క క్షణం తాడు ఎవరి చేతిలోనూ బిగువుగా లేకపోతే చేప తలవిదిల్చి గాలం వదిలించుకొంటుంది. కొత్తవారితో పడవ ఎక్కకపోవడానికి కారణం ఇదే.

తాడును చేతికి చుట్టుకోకూడదన్నది ఈ వేటలో మొదట నేర్పే జాగ్రత్త. చుట్టుకొంటే పట్టు దొరుకుతుందనిపిస్తుంది. కాని గాలానికి తగిలినది సూరే అన్న నమ్మకం లేదు. అదే నీటిలో కొమ్ము కోనం కూడా తిరుగుతుంది. ముందుకు పొడుచుకొని వచ్చిన ఈటెవంటి మూతితో, వందల కిలోల బరువు వరకు పెరిగే చేప ఇది. 2022లో పరవాడ తీరంనుంచి వేటకు పోయిన ఒక యువకుడు కొమ్ము కోనం పొడవగా మరణించాడు. 2025 జూలైలో పూడిమడకనుంచి తోటివారితో వేటకు పోయిన ఒక యువకుడిని గాలానికి చిక్కిన కొమ్ము కోనం సముద్రంలోకి లాగుకొనిపోయింది. పడవలో ఉన్నవారి కళ్ళముందే ఇది జరిగింది. అందువల్ల అనుభవమున్న పడవల్లో తాడు తెంచే కత్తిని ఎప్పుడూ చేతికందే ఒకేచోట ఉంచుతారు. ఎంత విలువైన చేపైనా తాడు తెంచే నిర్ణయం అరక్షణంలో జరగాలి. దానిని తాడు పట్టినవాడికి వదలరు. అతనికి ఆ సమయంలో చేప తప్ప వేరే ఏదీ కనిపించదు.

చేప పడవపక్కకు వచ్చిన తరువాత పొడవాటి కర్రకు బిగించిన కొక్కెంతో తల దగ్గర పట్టి ఇద్దరు ముగ్గురు కలిసి లోపలికి లాగుతారు. ఇక్కడితో వేట ముగిసిందని చూసేవారికి తోస్తుంది. నిజానికి చేప ధర నిర్ణయమయ్యేది ఇక్కడినుంచే.

వెచ్చని కండరాన్ని గురించి పైన చెప్పుకొన్నాము. గాలానికి పడిన సూర ప్రాణభయంతో పెనుగులాడేకొద్దీ ఆ కండరం ఇంకా వేడెక్కుతుంది. అందులో ఆమ్లం పేరుకొంటుంది. ఆ తరువాత చచ్చిన చేప మాంసం పాలిపోయి, మెత్తబడి, కొంచెం ఉడికినట్లు తయారవుతుంది. పచ్చిమాంసాన్ని పలుచని ముక్కలుగా కోసి తినే జపానువారు దీనిని ముట్టుకోరు. కాబట్టి చేపను త్వరగా పైకి తేవాలి. త్వరగా తేవాలంటే గట్టిగా లాగాలి. గట్టిగా లాగితే తాడు తెగవచ్చు, చేతులు తెగవచ్చు. మెల్లగా అలసట కలిగించి తెస్తే మనుషులు క్షేమం, చేప మాంసం పాడు. యంత్రాలున్న ఓడలో ఈ లెక్క వేరు. చేతితాడు పట్టినవాడు ఈ రెంటి మధ్య ప్రతిసారీ తన ఒళ్ళుతో బేరం చేసుకోవాలి.

పైకి తెచ్చిన చేపను వెంటనే తలమీద కొట్టి చంపాలి. రక్తం కార్చాలి. మొప్పలు, పేగులు తీసివేయాలి. లోపలా వెలుపలా ఐసు నింపాలి. ఇది రుచికోసమే కాదు. సూర మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం అధికంగా ఉంటుంది. చచ్చిన చేపను వేడిలో వదిలితే సూక్ష్మజీవులు దానిని హిస్టమిన్‌గా మారుస్తాయి. అది తిన్నవారికి కొద్దిసేపట్లోనే ముఖం ఎర్రబడి, దద్దుర్లు లేచి, తలనొప్పి, వాంతులు కలుగుతాయి. దీనికి ఇంట్లో విరుగుడు లేదు. ఎంతసేపు ఉడికించినా, వేయించినా హిస్టమిన్ నశించదు. చేప వాసన పట్టేవరకు ఆగి చూద్దామనుకొన్నా ప్రయోజనం లేదు. వాసన రాకముందే అది తయారై ఉండవచ్చు. సూర కొన్నప్పుడు ఐసులో ఉన్నదా అని అడగడం ఎవరికైనా మంచిదే.

ఐసు పెట్టమని చెప్పడం సులభం. వేడి దేశాల్లో చేప ఎంత బరువుంటే ఐసు సుమారు అంత బరువు ఉండాలని చెబుతారు. ఒక పడవ 30 కిలోల చేపలను పదింటిని పట్టిందనుకొందాం. చేపలు 300 కిలోలు, ఐసు 300 కిలోలు. ఐసు బరువే అయిదుగురు మనుషుల బరువుకు దగ్గర. అది చేప దొరకుతుందో లేదో తెలియకముందే ఒడ్డున కొని, పడవలోకి ఎత్తుకొని, 50 కిలోమీటర్లు మోసుకొనిపోవలసిన బరువు. పైకప్పులేని పడవలో ఎండకు అది కరుగుతూనే ఉంటుంది. ఐసు పెంచితే ఇంధనం తగ్గించాలి, లేదా ఒక మనిషిని తగ్గించాలి. ఇంధనం తగ్గితే సూర ఉన్నచోటికి పోలేరు. మనిషి తగ్గితే తాడు అందుకొనేవాడు ఉండడు. వేడి చొరని పెట్టెలను పడవలో అమర్చుకోవడం, దూరపు పడవనుంచి చేపను మార్చుకొని ముందుగా ఒడ్డుకు చేర్చే పడవను ఏర్పాటు చేసుకోవడం వంటి ఉపాయాలున్నాయి. అవి కొంత పెట్టుబడిని, కొంత ఐకమత్యాన్ని కోరతాయి. పెట్టుబడి దొరకడమే కష్టం. ఐకమత్యానికి కొదవ తక్కువ. సూర వేటకు పోయే పడవలు వీలైనంతవరకు రెండు మూడు కలిసి, ఒకదానికొకటి కనిపించే దూరంలో ఉండేటట్లు పోతాయి. ఒకదాని ఇంజను ఆగితే ఇంకొకటి తాడు కట్టి లాగుకొనివస్తుంది. అందుకు కూలి అడగరు.

ఇదే చేపను ఐసు లేకుండానే కాపాడుకొన్నవారు కూడా ఉన్నారు. లక్షద్వీపాల్లోని మినికాయ్ ద్వీపవాసులు బతికున్న చిన్న చేపలను నీటిలోకి చల్లి, నామాలసూర గుంపు పైకి రాగానే వెదురు గడకు కట్టిన గాలంతో ఒక్కొక్కటి ఎగురవేసి పడవలో పడేస్తారు. పట్టిన చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి ‘మాస్’ తయారుచేస్తారు. అది కట్టెలాగా గట్టిపడి నెలల తరబడి నిలుస్తుంది. ఆ ద్వీపాలకు సూర దగ్గరగా వస్తుంది కాబట్టి ఈ పద్ధతి సాగింది. గంటల తరబడి ప్రయాణం చేసి తిరిగి రావలసిన మన తీరంవారికి ఆ సౌకర్యం లేదు.

దూరసముద్రంలోని సూర ఎవరిదన్న ప్రశ్న కూడా ఒకప్పుడు గట్టిగానే వచ్చింది. 1976 చట్టం ప్రకారం తీరంనుంచి 200 నాటికల్ మైళ్ళవరకు, అనగా సుమారు 370 కిలోమీటర్లవరకు ఉన్న సముద్ర సంపదపై మన దేశానికి హక్కు ఉన్నది. 1991లో విదేశీ సంస్థలతో కలిసి నడిపే పెద్ద ఓడలకు కేంద్ర ప్రభుత్వం అనుమతులిచ్చే విధానాన్ని తెచ్చింది. దేశమంతటా మత్స్యకారులు నిరసనలు, సమ్మెలు చేశారు. విషయాన్ని పరిశీలించిన మురారి సంఘం ఆ అనుమతులను రద్దు చేయవలసిందిగా 1996లో సిఫారసు చేసింది. హిందూ మహాసముద్రంలో సూర వేటను దేశాలన్నీ కలిసి అదుపు చేసుకోవడానికి ఒక అంతర్జాతీయ సంఘం 1996లో ఏర్పడింది. దాని కార్యాలయం సీషెల్స్ దీవుల్లో ఉన్నది, భారతదేశం అందులో సభ్యురాలు. రెక్కసూర అతిగా పట్టబడుతున్నదని తేలడంతో 2016లో ఆ సంఘం వేటకు కోతలు విధించింది. పెద్ద వలలు చుట్టి పట్టే ఓడల్లో ఇంకా గుడ్లు పెట్టని పిల్లసూరలు కూడా టన్నులకొద్దీ పోతాయి. చేతిగాలానికి పెద్ద చేప పడుతుంది, అది కూడా ఒక్కొక్కటిగానే. చిన్న పడవలవాడి పద్ధతి పాతదే కావచ్చు గాని సముద్రానికి అదే తక్కువ బరువు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15నుంచి జూన్ 14వరకు 61 రోజులు ఇంజను పడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టి వృద్ధి చెందే కాలం అది. అంతకు ముందు, చలికాలం చివర సముద్రం నెమ్మదిగా ఉండే నెలల్లో సూర పడవలకు పని ఎక్కువ. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఎన్నో పడవలు ఒడ్డునే ముక్కలయ్యాయి. దూరం పోయేవారికి వాతావరణ హెచ్చరిక అందడం కష్టం. ఫోను సంకేతం తీరానికి కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. ఉపగ్రహం ద్వారా సమాచారం అందించే పరికరాలను లక్ష పడవలకు అమర్చే పథకం 2024లో మొదలైంది.

పడవ ఒడ్డుకు చేరేసరికి కొనేవాడు సిద్ధంగా ఉంటాడు. అతడు చేప పొడవు చూడడు. సన్నని గొట్టంవంటి సూదిని మాంసంలోకి గుచ్చి కొంచెం తీసి, అరచేతిలో వేసుకొని వెలుతురుకు పెట్టి చూస్తాడు. మాంసం ఎర్రగా, తేటగా ఉంటే ఎగుమతికి పోతుంది. రంగు గోధుమవైపు మళ్ళితే ధర పడిపోతుంది. ఒకే చోట, ఒకే గంటలో, ఒకే బరువున్న రెండు చేపలు పట్టిన ఇద్దరు స్నేహితులకు రెండు ధరలు రావడం సాధారణమే. వచ్చిన సొమ్ములోనుంచి ముందు ఇంధనం, ఐసు, ఎర ఖర్చు తీస్తారు. పడవకు, ఇంజనుకు వాటా పోతుంది. మిగిలినది మనుషులు పంచుకొంటారు. ఎవరి తాడుకు చేప పడిందని చూడరు. ఎగుమతికి పనికిరాని చేపలను మిగిలిన ఐసుతో సహా ఆడవారు గంపల్లోకి ఎత్తుకొంటారు. ఎండ ముదరకముందే ఊళ్ళలో అమ్మి రావాలి కాబట్టి వారు బేరానికి ఎక్కువసేపు నిలబడరు.